మేడ మీది ట్యాంకు, చేతిలోని బోర్డు: తప్పు ప్రోగ్రాందా, కరెంటుదా?

బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కు దగ్గరలో ఎస్.పి. రోడ్డు అనే ఇరుకు వీధి ఉంది. పూర్తి పేరు సాదర్ పత్రప్ప రోడ్డు. రెసిస్టర్ మొదలుకొని పాత ల్యాప్‌టాప్ తెర దాకా ఎలక్ట్రానిక్స్ సామాను ఏది కావాలన్నా ఈ నగరంలో చాలామంది ముందుగా వెళ్లేది అక్కడికే. కొన్నేళ్ల కిందట ఒక చిన్న కొట్టులో రాస్ప్‌బెర్రీ పై 3 అనే అరచేతి కంప్యూటర్ బోర్డు కొంటూ, ఫోన్‌లో ఇంట్లోవాళ్లతో మాట్లాడుతున్నాను. హిందూపురం నుంచి వచ్చి స్థిరపడిన ఆ కొట్టాయన నా తెలుగు విని, "ట్యాంకు లెవలుకా సార్? అయితే ముందు అడాప్టరూ కేబులూ మంచివి తీసుకోండి. బోర్డు పాడైందని తెచ్చేవాళ్లే ఎక్కువ, చూస్తే బోర్డు బాగానే ఉంటుంది" అన్నారు. ఇంట్లో నాలుగు ఫోన్ చార్జర్లు ఉన్నాయి కదా అనుకొని, బోర్డు, సెన్సరు, ఒక కట్ట జంపర్ వైర్లు మాత్రమే తీసుకొని వచ్చేశాను.

ఈ వ్యాసం ఆయన చెప్పిన మాటకు వివరణ. చేతిలో ఇమిడిపోయే ఈ కంప్యూటర్లతో ఇంట్లో ఏదైనా తయారు చేయాలనుకునేవాళ్లు, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మనలాంటివాళ్లు, చిక్కు వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాంలో వెతుకుతారు. మనకు తెలిసింది అదే కాబట్టి అక్కడే వెతుకుతాం. కానీ బోర్డు అంచు దాటి వైరు బయటికి వచ్చిన తర్వాత వర్తించేవి వోల్టేజీకీ, కరెంటుకీ, కాలానికీ సంబంధించిన నియమాలు. వాటిలో జరిగిన తప్పు తెర మీదికి వచ్చేసరికి ప్రోగ్రాం తప్పు వేషంలోనే కనబడుతుంది. ఆ వేషాన్ని గుర్తుపట్టడమే ఈ పనిలో అసలు కష్టం.

ట్యాంకును ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. ఈ నగరంలో ఇంటి నీళ్లు మూడు చోట్ల నుంచి వస్తాయి: దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎత్తి తెచ్చే కావేరి నీళ్లు, బోరు నీళ్లు, అవి రెండూ చాలనప్పుడు ట్యాంకరు నీళ్లు. ఏవి వచ్చినా ముందు సంపులో పడి, మోటారుతో మేడ మీది ట్యాంకుకు ఎక్కాలి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం పడిగాపులు పడ్డ ఇళ్లవాళ్లకు, ట్యాంకులో ఇంకా ఎన్ని లీటర్లున్నాయో పరుపు మీది నుంచి లేవకుండా తెలుసుకోవడం సరదా కాదు, అవసరం. అందుకే ఇక్కడ మొదటిసారి బోర్డు కొన్నవాళ్లలో చాలామంది ట్యాంకు మట్టం కొలిచే పనితోనే మొదలుపెడతారు. ఈ రంగంలో ఉన్న చిక్కులన్నీ ఈ ఒక్క పనిలోనే ఎదురవుతాయి.

అన్నిటికంటే ముందు విడదీసి చూడవలసిన విషయం ఒకటుంది. కొట్టులో గాజు బల్ల కింద పక్కపక్కనే పెట్టి అమ్మే బోర్డుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి మైక్రోకంట్రోలర్ బోర్డు: 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో పుట్టిన ఆర్డుయినో ఆ జాతిది. బాగా పేరుపొందిన ఆర్డుయినో యూనోలో ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు, వేగం 16 మెగాహెర్ట్జ్. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. మనం రాసిన ఒక్క ప్రోగ్రామే కరెంటు ఇచ్చిన క్షణం నుంచి తీసేసే క్షణం దాకా నడుస్తూ ఉంటుంది. రెండోది సింగిల్ బోర్డ్ కంప్యూటర్: 2008లో బీగిల్‌బోర్డు, 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుంచి 35 డాలర్ల ధరకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఈ జాతివి. మొదటి పైలో 256 మెగాబైట్ల ర్యామ్, 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉండేవి. 2015లో వచ్చిన పై 2తో ర్యామ్ ఒక గిగాబైటుకు చేరింది. ఇవి లినక్స్ అనే పూర్తి స్థాయి ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపే కంప్యూటర్లు. మెమరీ కార్డు నుంచి బూట్ అవుతాయి, ఒకేసారి పదుల కొద్దీ పనులు చేస్తుంటాయి, సరిగ్గా షట్‌డౌన్ చేయమని కోరుకుంటాయి.

ఎబెన్ అప్టన్ బృందం రాస్ప్‌బెర్రీ పైని తయారుచేసింది పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి చవకైన కంప్యూటర్ ఉండాలన్న ఉద్దేశంతో. దాని అంచున పెట్టిన పిన్నుల వరుసే తర్వాతి కాలంలో దానికి పేరు తెచ్చింది. మొదట 26 పిన్నులు, 2014లో వచ్చిన బి ప్లస్ మోడల్ నుంచి 40. ఆ పిన్నుల వల్లనే రెండు జాతుల మధ్య గీత చెరిగిపోయినట్లు కనబడుతుంది. ఆర్డుయినోతో దీపం వెలిగించవచ్చు, పైతోనూ వెలిగించవచ్చు. అలాంటప్పుడు పైథాన్, డేటాబేసు, వైఫై అన్నీ ఉన్న పైనే ఎందుకు తీసుకోకూడదని అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. దీపం వెలిగించడానికి ఆ ఆలోచన సరిపోతుంది, కొలవడానికి సరిపోదు.

ట్యాంకు మట్టం కొలవడానికి అందరూ కొనేది హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సరు. రెండు గుండ్రని కళ్లలాంటి డబ్బాలుంటాయి కాబట్టి కొట్టులో "కళ్ల సెన్సర్" అన్నా ఇస్తారు. దాని ట్రిగర్ పిన్నుకు 10 మైక్రోసెకన్ల పాటు వోల్టేజీ ఇస్తే, అది 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని ఎనిమిది తరంగాలుగా వదులుతుంది. ఆ శబ్దం నీటిని తాకి తిరిగి వచ్చేదాకా ఎకో పిన్నును పైకెత్తి ఉంచుతుంది. ఎకో ఎంతసేపు పైకి ఉందో కొలిస్తే దూరం తెలుస్తుంది: 20 డిగ్రీల దగ్గర శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు కాబట్టి, రానుపోను కలిపి ఒక్కో సెంటీమీటరుకు దాదాపు 58 మైక్రోసెకన్లు. లెక్క ఇంత తేలిక. పైథాన్‌లో పది వరుసల ప్రోగ్రాం.

కానీ ఆ పది వరుసలు నడుస్తున్నప్పుడు లినక్స్ ఊరుకోదు. వైఫై నుంచి ఒక ప్యాకెట్టు వస్తుంది, ఏదో లాగ్ ఫైలులోకి ఒక వరుస రాయాలి, మరేదో సర్వీసు మేలుకొంటుంది. వాటి కోసం మన ప్రోగ్రాంను ఒక క్షణం పక్కకు జరిపి, ఆ పని చూసుకొని, మళ్లీ మన దగ్గరికి వస్తుంది. ఈ ఆలస్యం మామూలు వాడకంలో ఎవరికీ తెలియదు. ఎకో దిగిపోయిన విషయాన్ని మన ప్రోగ్రాం ఒక్క మిల్లీసెకను ఆలస్యంగా గమనించిందంటే మాత్రం కొలతలో 17 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ట్యాంకు లోపలి వ్యాసం ఒక మీటరు అనుకుంటే సెంటీమీటరుకు దాదాపు 8 లీటర్లు. అంటే 130 లీటర్లకు పైగా నీళ్లు ఒక్క కొలతలో మాయమై, తర్వాతి కొలతలో తిరిగి వస్తాయి. నా తెర మీద 80, 81, 80, 97, 80 అని అంకెలు వచ్చినప్పుడు ఆ 97 ఎక్కడిదో తెలియక ప్రోగ్రాంను మూడుసార్లు తిరగరాశాను. ప్రోగ్రాంలో తప్పు లేదు. సమయానికి మేలుకోవడం అనే హామీని ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ఎవరికీ ఇవ్వలేదు, నేను ఇచ్చిందనుకున్నాను.

దీనికి సర్దుబాట్లు ఉన్నాయి. ఒకేసారి పదిహేను కొలతలు తీసుకొని, వాటిని వరుసలో పేర్చి, నడిమి దాన్ని తీసుకుంటే దారితప్పిన కొలత దానంతటదే పక్కకు పోతుంది. ఇక్కడ సగటు తీయకూడదు. ఒక్క 97 సగటును లాగేస్తుంది, నడిమి విలువను కదపలేదు. పిన్నుల్లో మార్పులను హార్డ్‌వేర్ సాయంతో కాలంతో సహా నమోదు చేసే పిగ్‌పియో లాంటి లైబ్రరీ కూడా ఉంది, కానీ అది పై 4 వరకే. 2023లో వచ్చిన పై 5లో పిన్నుల బాధ్యతను ఆర్‌పీ1 అనే వేరే చిప్‌కు అప్పగించారు కాబట్టి అందులో అది పనిచేయదు. పాత పాఠాల్లో కనబడే ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ లైబ్రరీదీ అదే పరిస్థితి. కొత్త బోర్డు కొని, పాత పాఠం చూసి వైర్లు కలిపి, ఏమీ రాకపోతే బోర్డు చెడిపోయిందనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే ఎస్.పి. రోడ్డుకు మరోసారి వెళ్లే శ్రమ తప్పుతుంది.

ఇక్కడే మరో సందేహం తీర్చుకోవాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ గాలి పలచన, కాబట్టి శబ్ద వేగం మారుతుందేమో అని కొందరు అడుగుతారు. మారదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడీ సాంద్రతా కలిసే తగ్గుతాయి కాబట్టి వేగం మీద వాటి ప్రభావం ఒకదానితో ఒకటి కొట్టివేయబడుతుంది. మారేది ఉష్ణోగ్రతతోనే. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు మూత కింద మధ్యాహ్నం 35 డిగ్రీలు ఉంటే వేగం సెకనుకు 352 మీటర్లకు చేరుతుంది. 343 అనుకొని లెక్క కట్టిన ప్రోగ్రాం మీటరు దూరానికి రెండున్నర సెంటీమీటర్లు తప్పు చూపిస్తుంది. ఉదయం నిండుగా ఉన్న ట్యాంకు, ఎవరూ నీళ్లు వాడకపోయినా మధ్యాహ్నానికి కాస్త ఎక్కువ నిండినట్లు కనబడడానికి కారణం ఇదే. డీఎస్18బీ20 అనే చిన్న ఉష్ణోగ్రత సెన్సరును పక్కన పెట్టి, ఆ విలువతో వేగాన్ని సవరిస్తే ఆ తప్పు పోతుంది. ఇక ఆవిరి పట్టే ట్యాంకులో పైన చెప్పిన కళ్ల సెన్సరు ఎక్కువ కాలం బతకదు. జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అనే తడి తట్టుకునే రకం తీసుకోవాలి. అయితే అది 20 సెంటీమీటర్ల కంటే దగ్గరున్న దేన్నీ సరిగా చూడలేదు కాబట్టి, నిండిన ట్యాంకు నీళ్లు దానికి అంతకన్నా దగ్గరగా రాకుండా కాస్త ఎత్తు మీద బిగించాలి.

ఇప్పుడు వోల్టేజీ సంగతి. కొత్తవాళ్ల బోర్డులు నిజంగా కాలిపోయేది ఇక్కడ. హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సరు 5 వోల్టుల మీద పనిచేస్తుంది, ఎకో పిన్నులో తిరిగి పంపేది కూడా 5 వోల్టులే. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు తట్టుకునేది 3.3 వోల్టులు. ఆర్డుయినో యూనో 5 వోల్టుల బోర్డు కాబట్టి దానికోసం రాసిన పాఠాల్లో సెన్సరు వైరును తిన్నగా పిన్నుకు కలపమని ఉంటుంది. అదే బొమ్మ చూసి రాస్ప్‌బెర్రీ పైకి కలిపితే, పిన్ను వెంటనే పోవచ్చు, కొన్ని రోజులు పనిచేసి తర్వాత పోవచ్చు. ఈ రెండోదే ప్రమాదకరం. మొదటి రోజు పనిచేసిందంటే వైరింగ్ సరైనదే అనుకుంటాం, పదో రోజు కొలతలు ఆగిపోతే మొన్న మార్చిన ప్రోగ్రాంలో తప్పు వెతుకుతాం.

మందు రెండు రెసిస్టర్లు. ఎకో పిన్ను నుంచి బోర్డు పిన్నుకు వచ్చే దారిలో 1 కిలోఓం, బోర్డు పిన్ను నుంచి గ్రౌండుకు, అంటే సున్నా వోల్టుల వైరుకు, 2 కిలోఓంలు. 5 వోల్టుల్లో మూడో వంతు మొదటి రెసిస్టర్ దగ్గరే ఆగిపోయి, బోర్డుకు 3.3 వోల్టులు చేరతాయి. 2 కిలోఓంల రెసిస్టర్ దొరకకపోతే గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలున్న 1 కిలోఓం రెసిస్టర్లే రెండింటిని ఒకదాని వెనుక ఒకటి గుచ్చితే సరిపోతుంది. నేను బ్రెడ్‌బోర్డు మీద ఆ మూడింటినీ వరుసగా పెట్టి, మల్టీమీటరు నల్ల కొనను గ్రౌండు వైరుకు ఆనించి, ఎర్ర కొనను ఒక్కో కూడలికి తాకిస్తూ పోయాను. ఎకో వైపు బ్యాటరీతో 5 వోల్టులు ఇస్తే మొదటి కూడలిలో 3.33, రెండో కూడలిలో 1.67, చివర సున్నా. బోర్డును కలపకముందే ఈ నాలుగు అంకెలు చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఏ ప్రాజెక్టులోనైనా సరే, కొత్త వైరు బోర్డును తాకే ముందు మీటరు దాన్ని తాకాలన్న అలవాటు నాకు అప్పుడే పడింది.

ఇదే కొలతలో గ్రౌండు ప్రాముఖ్యం కూడా తెలుస్తుంది. వోల్టేజీ అంటే రెండు బిందువుల మధ్య తేడా కాబట్టి, సెన్సరుకు ఒక అడాప్టరు నుంచి, బోర్డుకు మరో అడాప్టరు నుంచి కరెంటు ఇచ్చి, రెండింటి గ్రౌండ్లనూ కలపకపోతే, సెన్సరు చెప్పే 5 వోల్టులు దేనితో పోల్చి 5 అన్నది బోర్డుకు తెలియదు. కొలతలు వస్తాయి, కానీ అర్థం లేకుండా వస్తాయి. వైరును చేత్తో ముట్టుకుంటే మారతాయి. ముట్టుకుంటే మారే అంకె ఎక్కడ కనబడినా ముందుగా గ్రౌండు చూడాలి. పిన్నుల వరుసలోనూ జాగ్రత్త అవసరం. 40 పిన్నుల్లో 2, 4 అంకెలవి 5 వోల్టులవి, 4వ పిన్నుకు ఎదురుగా ఉన్న 3వ పిన్ను 3.3 వోల్టులు మించి తట్టుకోలేనిది. కరెంటు ఉండగా జంపర్ వైరు ఒక్క వరుస పక్కకు జారితే చాలు. అందుకే బోర్డు ఆపకుండా వైర్లు మార్చకూడదు.

అనలాగ్ ఇన్‌పుట్, అంటే ఉందా లేదా అని కాకుండా ఎన్ని వోల్టులో కొలిచే పిన్ను, లేకపోవడం కూడా చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ఆర్డుయినోలో ఉంటుంది, బీగిల్‌బోన్ బ్లాక్‌లోనూ ఉంటుంది గాని అక్కడ పరిమితి 1.8 వోల్టులే. రాస్ప్‌బెర్రీ పైలో అసలు లేదు. వోల్టేజీని అంకెగా మార్చే ఎంసీపీ3008 లాంటి చిప్ వేరుగా పెట్టుకోవాలి.

కొట్టాయన చెప్పిన అడాప్టరు దగ్గరికి ఇప్పుడు వస్తాను. కొలతలు కుదుటపడిన తర్వాత కొత్త బాధ మొదలైంది. రోజుకు ఒకటి రెండుసార్లు వైఫై తెగిపోయేది, కొన్నిసార్లు బోర్డు దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. నెట్‌వర్క్ సెట్టింగులు మార్చాను, రౌటర్ జరిపాను, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించాను. చివరికి ఒక ఆదివారం మల్టీమీటరుతో అడాప్టరు దగ్గర చూస్తే 5.1 వోల్టులు, బోర్డు మీది 5 వోల్టుల పిన్నుకూ గ్రౌండుకూ మధ్య చూస్తే 4.6. మధ్యలో ఉన్నది ఒక మీటరు పొడవున్న సన్నని ఫోన్ కేబులు మాత్రమే.

ఆ అర వోల్టు ఎక్కడికి పోయిందో లెక్క కట్టవచ్చు. చవక కేబుళ్లలో కరెంటు మోసే తీగ 28 గేజిది ఉండడం మామూలు. ఆ తీగకు మీటరుకు 0.21 ఓం నిరోధం. కరెంటు పోవడానికి ఒక మీటరు, రావడానికి ఒక మీటరు కాబట్టి మొత్తం 0.42 ఓం. బోర్డు 1 ఆంపియర్ తీసుకున్న క్షణాన ఆ తీగలోనే 0.42 వోల్టు ఆవిరైపోతుంది, కనెక్టర్ల దగ్గర ఇంకొంచెం. అంతకంటే లావైన 24 గేజి తీగ అయితే అదే దూరానికి 0.17 వోల్టు మాత్రమే పోతుంది. ఫోన్‌కు ఈ తేడా పట్టదు, ఎందుకంటే లోపల బ్యాటరీ ఉంది, వోల్టేజీ తగ్గితే నెమ్మదిగా చార్జ్ అవుతుంది. బ్యాటరీ లేని బోర్డుకు ఆ వెసులుబాటు లేదు. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో కరెంటు వాడకం పెరుగుతుంది, వోల్టేజీ అప్పుడే పడిపోతుంది. అందుకే అది నెట్‌వర్క్ సమస్యలా కనబడుతుంది. పై 3కి 5.1 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు, పై 4కి 3 ఆంపియర్లు, పై 5కి 5 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్లను దాని తయారీదారులే నిర్ణయించారు. 5 అని కాకుండా 5.1 అని పెట్టింది కేబులులో పోయేదానికి ముందే కొంత కలిపి ఇవ్వడానికే.

బోర్డు ఈ సంగతిని దాచదు. వోల్టేజీ 4.63 కంటే తగ్గితే తెర మూలలో పసుపు రంగు మెరుపు గుర్తు చూపిస్తుంది. మన ట్యాంకు బోర్డుకు తెర ఉండదు కాబట్టి ఆ గుర్తును ఎవరూ చూడరు, అంతే. టెర్మినల్‌లో వీసీజెన్‌సీఎండీ ఆజ్ఞకు గెట్-థ్రాటిల్డ్ అనే మాట జోడించి (vcgencmd get_throttled) అడిగితే జవాబుగా ఒక సంఖ్య వస్తుంది. సున్నా వస్తే అంతా బాగున్నట్లు. చివర 50000 వస్తే ఇప్పుడు బాగానే ఉంది గాని, ఆన్ చేసినప్పటి నుంచి ఒక్కసారైనా వోల్టేజీ పడిపోయి వేగం తగ్గించుకోవలసి వచ్చిందని. 50005 వస్తే ఈ క్షణంలో కూడా అదే పరిస్థితి ఉందని. వింత ప్రవర్తన ఏది కనబడినా ప్రోగ్రాం తెరిచే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగాలని నేను కొత్తవాళ్లందరినీ బతిమాలి చెబుతాను. ఈ పనికి నాకు పట్టిన నాలుగు నెలల్లో మూడు నెలలు ఇది తెలియకపోవడం వల్లనే పోయాయి.

కరెంటు తగ్గడం ఒక సంగతి, పూర్తిగా పోవడం మరొకటి. వేసవి సాయంత్రం గాలివాన వస్తే మా వీధిలో కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. మైక్రోకంట్రోలర్‌కు దానివల్ల ఏమీ కాదు. మెమరీ కార్డు నుంచి నడిచే కంప్యూటర్‌కు మాత్రం ఆ క్షణం ప్రమాదమే. కార్డు లోపలి ఫ్లాష్ మెమరీలో ఒక అక్షరం మార్చాలన్నా ఒక పెద్ద గడిని మొత్తంగా చెరిపి తిరిగి రాయవలసి ఉంటుంది కాబట్టి, రాత మధ్యలో కరెంటు పోతే మనం రాస్తున్న ఫైలే కాక, అదే గడిలో ఉన్న, ఎన్నడూ ముట్టుకోని సిస్టమ్ ఫైలు కూడా చెడిపోవచ్చు. మన ప్రోగ్రాం నిమిషానికోసారి నీటి మట్టాన్ని కార్డు మీద రాస్తుంటే ఆ ప్రమాదానికి మనమే తలుపు తీసి పెట్టినట్లు. మట్టం అంకెలను ర్యామ్‌లో ఉంచి గంటకోసారి రాయడం, రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాంలో ఓవర్‌లే పద్ధతిని ఎంచుకొని కార్డును చదవడానికే పరిమితం చేయడం, లేదా కార్డు బదులు యూఎస్‌బీ ద్వారా ఎస్ఎస్‌డీ నుంచి బూట్ చేయడం, ఈ మూడింటిలో ఏది చేసినా మేలే. ఓవర్‌లే పెడితే రీస్టార్ట్ తర్వాత కొత్తగా రాసినదేదీ మిగలదన్నది గుర్తుంచుకోవాలి. నేను రెండు కార్డులు పోగొట్టుకొన్న తర్వాత బోర్డును రౌటర్ యూపీఎస్ మీదికి మార్చాను. అది ఇచ్చే 12 వోల్టులను 5కు దించే చిన్న కన్వర్టర్ మధ్యలో పెట్టాను.

మట్టం తెలిసిన తర్వాత ఎవరైనా కోరుకునేది మోటారును కూడా బోర్డే నడపాలని. ఇక్కడ నేను నిక్కచ్చిగా మాట్లాడతాను, ఎందుకంటే ఇంతవరకు పోయేది బోర్డో కార్డో, ఇక్కడ పోయేది ప్రాణం కావచ్చు. ఒక హార్స్‌పవర్ మోటారు అంటే 746 వాట్లు; నడిచేటప్పుడు తీసుకునేదానికి అయిదారు రెట్లు కరెంటును మొదలయ్యే క్షణంలో లాగుతుంది. బోర్డు సంకేతంతో పనిచేసే స్విచ్ అయిన నీలం రంగు చిన్న రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్నా, మోటారు మొదటి తాకిడికి దాని లోపలి పలకలు అతుక్కుపోవచ్చు. అతుక్కుపోయిన రిలేను ఏ ప్రోగ్రామూ విడదీయలేదు. చిన్న రిలే, కాంటాక్టర్ అనే పెద్ద రిలే లోపలి కాయిల్‌ను మాత్రమే నడపాలి, మోటారును కాంటాక్టర్ నడపాలి, ఆ 230 వోల్టుల వైపు పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి.

రిలే మాడ్యూల్‌లోనూ ఒక మెలిక ఉంది. చాలావాటికి పిన్నులో సున్నా వోల్టులు ఇస్తే ఆన్, ఎక్కువ ఇస్తే ఆఫ్. మాడ్యూల్‌కు 5 వోల్టులు అందుతుంటే, బోర్డు ఇవ్వగల ఎక్కువ 3.3 మాత్రమే కాబట్టి మధ్యలో ఇంకా 1.7 వోల్టుల తేడా మిగిలే ఉంటుంది. కొన్ని మాడ్యూళ్లు ఆ మిగులుకే వెలిగీ వెలగనట్లు ఉండి, రిలేను వదలవు. ఆఫ్ చేసే వరుస ప్రోగ్రాంలో ఉంది, అది నడిచింది కూడా, మోటారు మాత్రం ఆగదు. ఒక ట్రాన్సిస్టర్‌ను మధ్యలో పెడితే ఇది తీరుతుంది. బోర్డు బూట్ అవుతున్న అర నిమిషంలో మన ప్రోగ్రాం ఇంకా మొదలు కాదు కదా, ఆ సమయంలో రిలే ఏ స్థితిలో ఉంటుందో మోటారు కలపకుండానే చూసుకోవాలి.

వీటన్నిటి తర్వాత నా ఏర్పాటు మొదట అనుకున్నదానికి భిన్నంగా తేలింది. నాలుగో అంతస్తు పైనున్న ట్యాంకు నుంచి కింది ఇంటికి వైరు లాగడం కుదరలేదు. సెన్సర్ల చిన్న సంకేతాలు, ముఖ్యంగా ఐ-టూ-సీ లాంటివి, ఒకే పెట్టెలోని చిప్‌ల మధ్య మాట్లాడుకోవడానికి పుట్టినవి, మేడ దిగి రావడానికి కాదు. అంత దూరానికి ఆర్ఎస్-485 అనే వైరు పద్ధతి ఉంది గాని, మేడ మీది పొడవైన తీగ మెరుపుల కాలంలో ఇంట్లోకి పిడుగును పిలిచినట్లే. అందుకని ట్యాంకు దగ్గర తడి చేరని పెట్టెలో రాస్ప్‌బెర్రీ పై పికో డబ్ల్యూ పెట్టాను. పేరు అదే అయినా అది సింగిల్ బోర్డ్ కంప్యూటర్ కాదు, మైక్రోకంట్రోలర్: 264 కిలోబైట్ల ర్యామ్, ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, ఎకోను మైక్రోసెకన్లలో లెక్కపెడుతుంది, కరెంటు పోయి వస్తే రెండు సెకన్లలో మళ్లీ పనిలో ఉంటుంది. అదీ 3.3 వోల్టులదే కాబట్టి ఆ రెసిస్టర్లు అక్కడికీ వెళ్లాయి. కొలిచిన అంకెను అది వైఫై మీద ఎంక్యూటీటీ పద్ధతిలో కిందికి పంపుతుంది. ఎడారుల్లోని చమురు పైపులైన్లను ఉపగ్రహాల ద్వారా గమనించడానికి 1999లో రూపొందించిన పద్ధతి అది. తక్కువ మాటలతో, తెగిపోయే కనెక్షన్ల మీద పనిచేయడానికే పుట్టింది కాబట్టి మేడ మీది బలహీనమైన వైఫైకి సరిగ్గా సరిపోయింది. కింద రౌటర్ పక్కన, యూపీఎస్ మీద, మందపాటి కేబులుతో ఉన్న పాత పై 3 ఆ అంకెలను దాచి, గ్రాఫు గీసి, ఇంట్లో అందరి ఫోన్లలో చూపిస్తుంది. కొలవడం కొలవగలిగినదానికి, గుర్తుపెట్టుకోవడం గుర్తుపెట్టుకోగలిగినదానికి అప్పగించాక నాకు ప్రోగ్రాం సగానికి సగం తగ్గింది.

మోటారు విషయంలో ఈ రెండు బోర్డుల్లో దేనికీ చివరి మాట ఇవ్వలేదు. కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్లే తీగలో రిలేకు వరుసగా రెండు మామూలు ఫ్లోట్ స్విచ్‌లు పెట్టించాను: ట్యాంకు నిండితే తెంచేది ఒకటి, సంపు ఎండితే తెంచేది ఒకటి. రిలే మోటారును నడవమని అడగగలదు. అవి ఒప్పుకుంటేనే నడుస్తుంది. ఏర్పాటు పూర్తయిన రోజు ఎలక్ట్రీషియన్ ఉండగానే పరీక్షించాం. మోటారు నడుస్తుండగా ప్రోగ్రాంలో ఆఫ్ చేసే వరుసను తీసేసి, వైఫైని ఆపేసి, ఇద్దరం మేడ ఎక్కి ట్యాంకు మూత తెరిచి చూస్తూ నిలబడ్డాం. నీళ్లు పైకి వచ్చాయి, తెల్ల ఫ్లోట్ మెల్లగా లేచి పక్కకు వాలింది, కింద నాలుగంతస్తుల దూరంలో మోటారు శబ్దం ఆగింది.